బడి కోసం బాడుగ ఇల్లు: తిరుపతిలో వెతికే తల్లులకు

మా ఊరు పాకాల దగ్గర పల్లె. పెద్దపాప ఒకటో తరగతికి వచ్చిన ఏడు తిరుపతికి వచ్చాం. తొమ్మిదేళ్ళలో ఇది నాలుగో బాడుగ ఇల్లు. మా ఆయన రేణిగుంట వైపు గోడౌన్‌లో పని చేస్తాడు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మిషను దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే: "అక్కా, పిల్లోళ్ళ బడికి దగ్గరగా ఇల్లు కావాల, యాడన్నా ఉంటే చెప్పు." మిగతా సగం సొంత ఇళ్ళ వాళ్ళు. కొలతలు ఇస్తూ బాడుగోళ్ళ గురించి వాళ్ళు ఏమనుకుంటారో అదీ నా చెవిన పడుతుంది. రెండు వైపులా విన్నదాన్ని కాబట్టి, కొత్తగా వచ్చే వాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు నెల సంగతి. మన దగ్గర బళ్ళు జూన్ 12న తెరుస్తారు. ఆ తర్వాత ఎక్కువ రోజులు పోకుండానే ఆషాఢం వస్తుంది, చిత్తూరు వైపు తమిళుల ఆడి నెల కూడా చూస్తారు. ఆ నెలల్లో పాలు పొంగించరు, ఇల్లు మారరు. అందుకని ఖాళీ అయ్యే ఇళ్ళు చాలావరకు ఏప్రిల్ చివర, మే నెలలో ఖాళీ అవుతాయి. ఉగాది అయిన వారం నుంచే తిరగడం మొదలుపెట్టండి. జూన్‌లో వెతికితే మిగిలినవే దొరుకుతాయి, అవి ఎందుకు మిగిలాయో చేరినాక తెలుస్తుంది.

బ్రోకరును పట్టుకుంటే ఒక నెల బాడుగ అతనికి పోతుంది. అంతకు ముందు బడి ఎదురుగా ఉండే జిరాక్స్ షాపులో, పాలు వేసే అబ్బాయిని, ఇస్త్రీ బండి ఆయనను అడగండి. ఏ ఇల్లు ఖాళీ అవుతుందో, ఆ ఇంటివాళ్ళు ఎట్లాంటివాళ్ళో ఇస్త్రీ ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. మా మూడో ఇల్లు అట్లా దొరికిందే. "ఆ మిద్దె పైన అయిదేండ్లు ఒకే ఫ్యామిలీ ఉండిందమ్మా, ట్రాన్స్‌ఫర్ అయితేనే పోయినారు" అన్నాడు. అంతకు మించి నేను అడగాల్సింది ఏమీ లేకపోయింది.

ఇల్లు నచ్చితే ఇంకోసారి పోయి చూడండి. పొద్దున ఎనిమిదింటికి పోతే వ్యాన్లు, ఆటోలు వీధిలో ఎట్లా తిరుగుతున్నాయో తెలుస్తుంది. రాత్రి ఏడింటికి పోతే కుళాయి తిప్పి చూడండి, మోటారు ఎవరు వేస్తారో అడగండి. 2021 నవంబరు వానలకు ఈ వీధిలో నీళ్ళు ఎంత దాకా వచ్చాయని కూడా అడగాలి. ఆ నెల లోతట్టు కాలనీల్లో ఇళ్ళలోకే నీళ్ళొచ్చాయి. ఓనరు ఏమీ రాలేదంటే పక్కింటి వాళ్ళనూ ఒక మాట అడగండి. బడికి పోయే దారి వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి కింద నుంచి అయితే, పెద్ద వాన రోజున వేరే దారి ఏదో ముందే చూసుకోండి.

బడి గోడ పక్కనే ఇల్లు కావాలని పట్టుబట్టకండి. మా రెండో ఇల్లు బడికి మూడు వీధుల అవతల, బాడుగ 11,000. ఇప్పుడున్నది ఇరవై నిమిషాల నడక, 8,500. వ్యాను ఫీజు పోయినా మిగులుతుంది. పైగా బడి చుట్టూ ఉండే వీధుల్లోనే, మనం బడి కోసం వచ్చామని తెలిసి బాడుగ ప్రతి ఏడూ పెంచుతారు. ఎక్కడికీ పోలేరని వాళ్ళకు తెలుసు.

ఇక ఓనర్లు అడిగేవి. యా ఊరు, ఏం పని, ఎంతమంది ఉంటారు, ఊర్లో భూములేమన్నా ఉండాయా, నాన్‌వెజ్ వండుతారా. చివరకు గొంతు కొంచెం తగ్గించి, "మీరేమిటోళ్ళమ్మా?" చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేను చెప్పేదాన్ని. చెప్పి ఇల్లు పోగొట్టుకున్నాను కూడా. ఒక ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే రోజు పొద్దున్నే ఫోన్ చేసి "మా అమ్మ ఒప్పుకోలేదు" అన్నారు. కారణం వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాను. అయినా అబద్ధం చెప్పి చేరమని ఎవరికీ చెప్పను. చేరినన్నాళ్ళూ మన బిడ్డ తాత పేరు, ఊర్లో వీధి పేరు దాచుకుంటూ మాట్లాడాలి. ఆరేళ్ళ పిల్ల మీద అంత బరువు పెట్టకూడదు.

మీ పని సంగతి మాత్రం మొదటి రోజే పూర్తిగా చెప్పేయండి. "రోజుకు ఆరేడు మంది ఆడవాళ్ళు వస్తారు, రాత్రి ఎనిమిది దాటితే మిషను వేయను" అని నేను ముందే చెప్తాను. వద్దన్నవాళ్ళు అప్పుడే వద్దంటారు. తర్వాత గొడవ ఉండదు.

ఇల్లు చూడడానికి పిల్లలను ఇంట్లో వదిలి పోతుంటారు చాలామంది, పిల్లలుంటే ఇవ్వరేమోనని. నేను వెంట తీసుకుని పోతాను. ఓనరమ్మ పిల్లలతో మొదట ఏం మాట్లాడుతుందో వినండి. "ఏం పేరమ్మా?" అని అడిగిన ఇంట్లో మేం బాగున్నాం. "గోడల మీద రాస్తావా?" అని అడిగిన ఇంట్లో పద్నాలుగు నెలలే ఉండగలిగాం.

ఇప్పుడు సొంత ఇళ్ళ వాళ్ళు మన గురించి అనే మాటలు. ఇవి తెలిసి ఉండడం మంచిది, మొదటిసారి బడి గేటు దగ్గర వింటే గుండె తరుక్కుపోతుంది. ఒకామెకు భుజం కొలత తీస్తున్నాను. మా పాప చదివే బడిలోనే వాళ్ళ బాబు కూడా. నేనూ బాడుగ ఇంట్లోనే ఉన్నానన్నది ఆ నిమిషం ఆమెకు గుర్తు లేదు. "ఇప్పుడంతా బాడుగోళ్ళే వచ్చేసినారక్కా. సీటు కోసం వస్తారు, రెండేండ్లుండి పోతారు. సెక్షన్‌కు యాభై మంది అయినారు. మా వాడికి చెప్పినా, ఆ పిల్లోళ్ళతో ఎక్కువ తిరగొద్దురా అని." టేపు నా చేతిలోనే ఉంది. భుజం పద్నాలుగున్నర అని పుస్తకంలో రాసుకున్నాను, వెంటనే ఏమీ అనలేకపోయాను.

తర్వాత బ్లౌజు తీసుకోవడానికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడాను. ఆమె చెడ్డ మనిషి కాదు. వాళ్ళ బాబు ఫ్రెండు ఒకడు ఏడాది మధ్యలో ఇల్లు ఖాళీ చేసి పోయాడట, వీడు నెల రోజులు బడికి పోనని ఏడ్చాడట. అది నిజమైన బాధే. కానీ మధ్యలో ఖాళీ చేయించింది ఎవరు? ఆ పిల్లవాడి నాన్న కాదు, బాడుగ రెండు వేలు పెంచిన ఓనరు. సెక్షన్‌కు యాభై మందిని చేర్చుకున్నది బడి యాజమాన్యం. ఇది మెల్లగా చెప్తే ఆమె విన్నది. మీరు కూడా గేటు దగ్గర గొడవ పెట్టుకోకండి, ఒక్కరితో ఒక్కరుగా కూర్చున్నప్పుడు చెప్పండి. నలుగురిలో అంటే వాళ్ళు మాట వెనక్కి తీసుకోలేరు.

మా చిన్నమ్మ కూతురు టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. అక్కడ సర్కారు బడిలో సీటు ఇంటి అడ్రస్‌ను బట్టి వస్తుంది. మంచి బళ్ళున్న చోట ఇళ్ళ ధరలు మండిపోతాయి కాబట్టి కొనలేని వాళ్ళు అపార్ట్‌మెంట్ బాడుగకు తీసుకుని పిల్లలను చేరుస్తారు. కాగితాల ప్రకారం అందరూ సమానమే. అయినా "అపార్ట్‌మెంట్ పిల్లలు" అనే మాట అక్కడా ఉందట. ఇళ్ళ మీద కట్టే పన్నుతో బళ్ళు నడుస్తాయి, ఆ పన్ను మేం కడుతున్నాం అంటారట. "ఓనరు ఆ పన్ను నా బాడుగలోంచే కదక్కా కట్టేది" అంటుంది అది. ఈ మాట నేను ఇక్కడ చాలాసార్లు వాడాను. మన కార్పొరేషన్‌కు కట్టే ఇంటి పన్నూ అంతే, మనమిచ్చే బాడుగలో అదీ కలిసే ఉంటుంది.

అగ్రిమెంటు దగ్గర ఎక్కువమంది పొరపాటు చేస్తారు. ఏడాది లోపలి లీజుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదనుకుని అందరూ 11 నెలలకు రాసుకుంటారు, కానీ మన రాష్ట్రంలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టానికి 1999లో చేసిన సవరణ ప్రకారం ఎంత కాలం లీజైనా రిజిస్టర్ చేయించాలి. ఆ 11 నెలలను బడికి అనుకూలంగా వాడుకోండి. జూన్ 1 నుంచి రాయించుకుంటే ఏప్రిల్ 30కి సరిగ్గా పూర్తవుతుంది, పరీక్షలు కూడా అయిపోయి ఉంటాయి. సెప్టెంబరులో చేరినా, అగ్రిమెంటు మాత్రం ఏప్రిల్ 30 దాకానే రాయించుకుని, జూన్ నుంచి మళ్ళీ కొత్తది రాసుకోండి, మే నెల బాడుగ సంగతి అందులోనే ఒక వాక్యం పెట్టండి. ఇంకో వాక్యం కూడా రాయించండి: "విద్యా సంవత్సరం మధ్యలో, బాడుగ సక్రమంగా చెల్లిస్తున్నంత కాలం, ఇల్లు ఖాళీ చేయమని అడగరాదు." మా మూడో ఇంటి ఓనరన్న దీన్ని చదివి, "నా మీద నమ్మకం లేదామ్మా?" అన్నాడు. "నమ్మకం ఉందన్నా, పాప ఎనిమిదో తరగతి, నాకు రాత్రి నిద్ర పట్టాలంటే ఇది ఉండాల" అన్నాను. సంతకం పెట్టాడు.

అడ్వాన్స్ ఎంతైనా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయండి. నోట్లే ఇవ్వాల్సి వస్తే అగ్రిమెంటులో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టంలో ఇళ్ళకు రెండు నెలల బాడుగకు మించి డిపాజిట్ వద్దని ఉంది. నమూనా చట్టం కాబట్టి రాష్ట్రం తన చట్టంగా చేస్తేనే నడుస్తుంది, కానీ ఓనరు ఆరు నెలల అడ్వాన్స్ అడిగినప్పుడు బేరం చేయడానికి ఆ మాట పనికొస్తుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటుకు ఎంత పట్టుకుంటారో కూడా చేరే రోజే తేల్చుకోండి.

ఈ అగ్రిమెంటు బాడుగకే కాదు, సీటుకూ అక్కరకొస్తుంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బళ్ళలో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. మన రాష్ట్రంలో ఆ దరఖాస్తుకు అడ్రస్ రుజువుగా ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లుతో పాటు బాడుగ అగ్రిమెంటు కాపీ కూడా తీసుకుంటారు. ఇల్లు బడికి ఒక కిలోమీటరు లోపల ఉన్నవాళ్ళకు ముందు, తర్వాత మూడు కిలోమీటర్ల వాళ్ళకు. దరఖాస్తు బడి తెరవడానికి చాలా ముందే పిలుస్తారు, వార్డు సచివాలయంలో అడుగుతూ ఉండండి. తిరుపతిలో ఉన్న రెండు కేంద్రీయ విద్యాలయాల్లోనూ ఈ చట్టం కింది సీట్లు ఉంటాయి. జిల్లా కేంద్రంలో అయితే అయిదు కిలోమీటర్ల లోపల నివాసం ఉండాలి, ఆ ఏడాది మార్చి 31కి బిడ్డకు ఆరేళ్ళు నిండాలి.

"అడ్రస్ మాత్రం నీది పెట్టుకుంటానక్కా" అని నన్నూ అడిగారు. వద్దన్నాను. తప్పని తేలితే సీటు పోతుంది, అది కాక ఆ దూరం లోపల నిజంగా బాడుగ కట్టి ఉంటున్న ఇంకో బిడ్డ సీటు పోతుంది. మనల్ని "దొంగ అడ్రస్ వాళ్ళు" అని అందరినీ కలిపి అనేది ఇట్లాంటి వాటి వల్లే.

అప్లికేషన్‌లో సొంత ఇల్లా, బాడుగా అని ఒక గడి ఉన్న బడి నేను చూశాను. మా ఆయన పెన్ను అక్కడే ఆగిపోయింది. నా వైపు చూశాడు. "బాడుగ అని రాయి" అన్నాను. రాశాడు. కౌంటర్‌లో ఉన్నాయన అది చూసి, "ఎన్నాళ్ళుంటారు ఇక్కడ?" అన్నాడు. "పదో తరగతి అయ్యేదాకా" అన్నాను. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం బిడ్డను చేర్చుకోవడానికి బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ వడపోత పెట్టకూడదు, క్యాపిటేషన్ ఫీజు అడగకూడదు. ఈ సెక్షన్ నంబరు గుర్తుపెట్టుకోండి. గట్టిగా అరవాల్సిన పని లేదు, నంబరు చెప్తే ఎదుటివాళ్ళ మాట తీరు మారుతుంది.

కరెంటు మీటరు సంగతి చాలామందికి చేరాక గానీ తెలియదు. మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోతాయి, ఆ రేటు మనమూ కట్టాలి. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. బడికి పోయే పిల్లల తల్లులకు సర్కారు డబ్బులు వేసే తల్లికి వందనం పథకం అర్హతలో నెలకు సగటున 300 యూనిట్లు దాటకూడదని ఉంది. అందుకని పోర్షన్‌కు విడి మీటరు ఉన్న ఇల్లు చూసుకోండి. పాత ఇంటి మీటరు మీ ఆధార్‌కు లింక్ అయి ఉంటే ఖాళీ చేసిన వారంలోనే సచివాలయానికి పోయి తీయించుకోండి. మా పక్క పోర్షన్ అమ్మాయికి ఎప్పుడో వదిలేసిన ఇంటి మీటరు ఆమె పేరు మీదే చూపిస్తోంది. దాన్ని సరిచేయించుకోవడానికి మూడు వారాలు పని మానుకుని తిరిగింది.

ఇవన్నీ కాగితాలు. పిల్లకు ఏం చెప్పాలన్నది వీటన్నిటికంటే కష్టం.

రెండో ఇంట్లో ఉన్నప్పుడు, ధనుర్మాసం. ఓనరమ్మ గేటు ముందు చుక్కల ముగ్గు వేసి లోపలికి పోయింది. గిన్నెలో కొంచెం పిండి మిగిలింది. మా పాపకు ఎనిమిదేళ్ళు. ఆ పిండి తీసుకుని గేటు పక్కన, పెద్ద ముగ్గుకు తగలకుండా, అయిదు చుక్కల పువ్వు ఒకటి వేసింది. లేచి నన్ను పిలవడానికి మెట్లెక్కుతోంది. ఓనరమ్మ బయటికొచ్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ పువ్వు మీద పోసింది. "గేటు ముందర మేమే వేస్తాం పాపా." తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. తెల్ల నీళ్ళు కాలవ దాకా పారాయి. నేను పై మెట్టు మీద నిలబడి చూశాను.

రాత్రి పడుకున్నాక అడిగింది, "అమ్మా, ఈ వీధి మనది కాదా?" అని. ఏదో ఒకటి చెప్పి నిద్రపుచ్చేయొచ్చు. నేను ఉన్నదే చెప్పాను. "ఇల్లు వాళ్ళది. నెలనెలా డబ్బులిచ్చి మనం ఉంటున్నాం, ఊరికే ఉండడం లేదు. వీధి అందరిదీ." మర్నాడు ఓనరమ్మ దగ్గరికి పోయి, "అక్కా, పాపకు ముగ్గంటే ప్రాణం, యాడ వేసుకోమంటారో మీరే చెప్పండి" అని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, మా మెట్ల కింద ఉన్న బండ చూపించింది. సంక్రాంతి దాకా పాప రోజూ అక్కడే వేసింది. భోగి రోజు ఓనరమ్మే రంగులు తెచ్చి ఇచ్చింది.

అందుకే చెప్తున్నాను, ఏ ఇంట్లో చేరినా మొదటి వారంలోనే పిల్లలకు ఒక చోటు అడిగి తీసుకోండి. సైకిలు పెట్టుకునే మూల, ఆడుకునే టైము, మిద్దె పైకి పోవచ్చా లేదా. ఓనరు నోటితో ఒప్పుకున్నాక, పిల్ల భయం లేకుండా తిరుగుతుంది. పుట్టినరోజుకు బడి పిల్లలను ఇంటికి పిలవండి, ఇల్లు చిన్నదని ఆగకండి. మా పాప తొమ్మిదో పుట్టినరోజుకు పదకొండు మంది ఒకే గదిలో కూర్చుని కేకు, చిత్రాన్నం తిన్నారు. భుజం కొలత ఇచ్చిన ఆమె బాబు కూడా వచ్చాడు.

మారేటప్పుడు చేయాల్సినవి త్వరగా చెప్పేస్తాను. సామాను ఎక్కించాక ఖాళీ గదులకు, గోడలకు, బాత్రూముకు వీడియో తీసి ఓనరుకు పంపండి, అడ్వాన్స్ లెక్క అప్పుడే అడగండి. చివరి కరెంటు బిల్లు కట్టిన రసీదు దాచండి. బడి కూడా మారుతుంటే టీసీతో పాటు స్టడీ సర్టిఫికెట్ మర్చిపోకండి. రేపు సీట్లకు, ఉద్యోగాలకు లోకల్ అని చూపించాలంటే అవే అడుగుతారు, పదేళ్ళ తర్వాత పాత బడికి పోయి తెచ్చుకోవడం కష్టం. ఇంట్లో ఒకే ప్లాస్టిక్ ఫైలు పెట్టి అన్ని ఇళ్ళ అగ్రిమెంట్లు, అన్ని బళ్ళ కాగితాలు అందులోనే ఉంచండి. మాది నీలం రంగుది, మిషను సొరుగులో ఉంటుంది.

కొత్త అడ్రస్ బడి ఆఫీసులో ఇవ్వండి, డైరీ మొదటి పేజీలో పాప చేతనే రాయించండి. ఇంటి నంబరు, వీధి, పక్కన గుర్తు. ఆదివారం సాయంత్రం వ్యాను డ్రైవరన్నను పిలిపించి, మలుపు దగ్గర ఎక్కడ ఆపాలో నిలబడి చూపించండి. మా వీధికి గుర్తు వేపచెట్టు, దాని పక్కన ఇస్త్రీ బండి. సోమవారం ఏడున్నరకు అక్కడ ఉంటే చాలు.